రోడ్డు మీద పోలీసులు అకారణంగా కొడితే ఏం చెయ్యాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

నల్లగొండ కలెక్టరేట్‌కు దగ్గర్లో నాకో జిరాక్స్, డీటీపీ షాపు ఉంది. నేను వకీలును కాను. 16 ఏళ్లుగా జనానికి దరఖాస్తులు టైపు చేసి పెడుతున్నాను. సోమవారం ప్రజావాణి కాబట్టి పొద్దున్నే లైను మొదలవుతుంది. పెన్షన్, పట్టా పాస్‌బుక్, పొలం గట్టు పంచాయితీ... వీటి మధ్యలో అప్పుడప్పుడు ఒకరు వచ్చి చుట్టూ చూసి, చొక్కా పైకెత్తి వీపు చూపిస్తారు. "ఏం చెయ్యలేదన్నా. టీ తాగుకుంట నిలబడ్డ, అంతే." ఆ తర్వాత అడిగే ప్రశ్నలు మాత్రం అందరివీ ఒకటే. ప్రతిసారీ నోటితో చెప్పలేక, తెలిసిన వకీళ్లతో సరిచూయించుకుని ఇలా రాసి పెట్టాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లండి.

## అక్కడికక్కడే

నేనేం తప్పు చెయ్యలేదు. ఊరికే నిలబడితే కొట్టొచ్చా?

కొట్టకూడదు. తప్పు చేసినా కొట్టకూడదు. చాలామంది తాము అమాయకులమని నిరూపించుకోవడంతోనే అలిసిపోతారు. దాని అవసరం లేదు. తప్పు చేశారనుకుంటే కేసు పెట్టాలి, శిక్ష కోర్టు వెయ్యాలి. లాఠీ దెబ్బ అనే శిక్ష ఏ చట్టంలోనూ లేదు. అరెస్టును అడ్డుకునేవాడిని పట్టుకోవడానికి, దాడి చేసేవాడిని ఆపడానికి, చెప్పినా కదలని గుంపును చెదరగొట్టడానికి అవసరమైనంత బలం వాడొచ్చు, అంతవరకే. 2020 ఏప్రిల్‌లో, లాక్‌డౌన్ రోజుల్లో, వనపర్తిలో కొడుకు కళ్లముందే తండ్రిని కొట్టిన వీడియో రాష్ట్రమంతా తిరిగింది. ఆ పిల్లవాడు ఏడుస్తూ బతిమాలుకోవడం చూసిన ఎవరూ "ఆయన బయటికెందుకు వచ్చాడు" అని అడగలేదు. కానిస్టేబుల్‌ను సస్పెండ్ చేశారు.

బస్‌స్టాండ్‌లో పడుకుంటే లాఠీతో లేపారు. అది మా తప్పేనా?

ముంబై, పుణె బస్సు దిగి తెల్లారేదాకా ఊరికి బండి దొరకని పాలమూరు కూలీలకు ఇది అలవాటైన బాధే. 2011 జూన్‌లో ఢిల్లీ రాంలీలా మైదానంలో అర్ధరాత్రి నిద్రపోతున్న జనం మీద పోలీసులు పడ్డారు. దాని మీద సుప్రీంకోర్టు 2012లో తీర్పు ఇస్తూ, నిద్ర కూడా మనిషి జీవించే హక్కులో భాగమేనని చెప్పింది. మిమ్మల్ని లేపొచ్చు, పేరు అడగొచ్చు, బ్యాగు చూడొచ్చు. కొట్టడం వేరే సంగతి. బస్సు టికెట్ పారెయ్యకండి, మీరు అక్కడ ఎందుకున్నారో అదే చెబుతుంది.

జాతరలో, ధర్నాలో లాఠీచార్జి చేశారు. పక్కనున్న నాకూ తగిలింది. వాళ్లకు ఆ అధికారం ఉంది కదా?

కొంతవరకు ఉంది. ఐదుగురు, అంతకంటే ఎక్కువమంది ఉన్న గుంపు శాంతికి భంగం కలిగించేలా ఉంటే, భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 148వ సెక్షన్ కింద వెళ్లిపొమ్మని ఆదేశించొచ్చు. ఆ ఆదేశం ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటో, స్టేషన్ ఇన్‌చార్జో, ఆయన లేనప్పుడు ఎస్‌ఐకి తగ్గని అధికారో ఇవ్వాలి. వినకపోతేనే బలం. పారిపోతున్నవాళ్లను వెంటాడి కొట్టడం, కింద పడ్డవాళ్లను కొట్టడం చెదరగొట్టడం కిందికి రాదు. చెరువుగట్టు జాతర, కురుమూర్తి జాతరలాంటి చోట తోపులాటలో ఒక దెబ్బ తగిలితే దాన్ని నిరూపించడం కష్టమే, అబద్ధం చెప్పను. కానీ ముందు మైకులో హెచ్చరిక ఇచ్చారా, మీకు దెబ్బ తగిలింది ముందువైపా వెనకవైపా, ఈ రెండూ తప్పకుండా గుర్తుపెట్టుకోండి. వీపు మీద, పిక్కల వెనక తగిలిన దెబ్బ మీరు వెళ్లిపోతున్నారని చెబుతుంది.

కొడుతుంటే చెయ్యి అడ్డం పెట్టొచ్చా? లాఠీ పట్టుకుంటే?

తలకు చెయ్యి అడ్డం పెట్టుకోండి, కింద కూర్చోండి. లాఠీ మాత్రం పట్టుకోవద్దు. పట్టుకున్న మరుక్షణం కథ మారిపోతుంది. విధులకు ఆటంకం కలిగించి దాడి చేశారంటూ భారతీయ న్యాయ సంహిత 132వ సెక్షన్ పెడతారు, రెండేళ్ల దాకా జైలు. పాత ఐపీసీలో 353 ఇదే. న్యాయం మీవైపున్నా ఆ కేసు చుట్టూ ఏళ్లకేళ్లు తిరగాలి.

వీడియో తీస్తే నేరమా? ఫోన్ లాక్కుంటే?

రోడ్డు మీద డ్యూటీలో ఉన్న పోలీసును వీడియో తీయొద్దని ఏ చట్టమూ లేదు. పనికి అడ్డం పోకుండా నాలుగడుగుల దూరం నుంచి తీయండి, మీదికి పోయి కామెంటరీ చెప్పకండి. స్టేషన్ లోపల తీసినందుకు అధికార రహస్యాల చట్టం కింద పెట్టిన ఒక కేసును 2022లో బాంబే హైకోర్టు కొట్టేసింది. పోలీస్ స్టేషన్ ఆ చట్టం చెప్పే నిషిద్ధ స్థలం కాదంది. ఫోన్ నిజంగా ఏదైనా కేసులో సాక్ష్యమైతే రాసుకుని, మీకు కాగితం ఇచ్చి తీసుకోవాలి. తీసిన వీడియోను కత్తిరించొద్దు, పాట కలపొద్దు. వాట్సాప్‌లో మామూలుగా పంపితే నాణ్యత పడిపోతుంది, డాక్యుమెంట్‌గా పంపండి. అసలు ఫైలు అదే ఫోన్‌లో ఉంచండి. కోర్టుకు పోతే భారతీయ సాక్ష్య అధినియమం (పాత ఎవిడెన్స్ యాక్ట్ స్థానంలో వచ్చిన చట్టం) 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ అడుగుతారు, అప్పుడు తీసిన ఫోనే కావాలి.

నేమ్‌ప్లేట్ లేదు. కొట్టింది ఎవరో తెలియదు. ఎవరి పేరు రాయాలి?

తెలియకపోతే "చూస్తే గుర్తుపడతాను" అని రాయండి. ఊహించి ఒక పేరు రాసేస్తే, ఆయన ఆ రోజు సెలవులో ఉంటే ఫిర్యాదంతా పోతుంది. భుజం మీద చూడండి: ఒక స్టార్ ఏఎస్‌ఐ, రెండు ఎస్‌ఐ, మూడు ఇన్‌స్పెక్టర్. చేతి మీద మూడు పట్టీలుంటే హెడ్ కానిస్టేబుల్. బండి నంబర్ పూర్తిగా రాకపోయినా చివరి రెండంకెలు చాలు. ఆ టైముకు ఆ బీటులో ఎవరున్నారో స్టేషన్ రికార్డులో ఉంటుంది.

బండి ఆపి తాళంచెవి గుంజుకుని చెంప మీద కొట్టారు.

ఆపమంటే ఆపాలి, కాగితాలు చూపాలి. డిజీలాకర్‌లో ఉన్నా చెల్లుతుంది. హెల్మెట్ లేకపోతే చలానా వేస్తారు, కట్టాల్సిందే. చెంపదెబ్బ చలానా పట్టికలో లేదు.

తోపుడుబండి మీద పండ్లు అమ్ముకుంటాను. తక్కెడ పడేసి, కాళ్ల మీద కొట్టి పొమ్మన్నారు.

వీధి వ్యాపారుల చట్టం 2014లో వచ్చింది. మున్సిపాలిటీ ఇచ్చిన వెండింగ్ సర్టిఫికెట్ ప్రకారం అమ్ముకునేవాళ్లను పోలీసులు అడ్డుకోకూడదని 27వ సెక్షన్ చెబుతోంది. సర్టిఫికెట్ జిరాక్స్ ఒకటి ప్లాస్టిక్ కవర్లో పెట్టి బండికే కట్టుకోండి. అది లేకపోయినా బండి తీయించొచ్చేమో గానీ కాళ్ల మీద కొట్టకూడదు. పాడైన సరుకు ఫొటో తీసి, మార్కెట్‌లో కొన్న చీటీ జతచేయండి.

## స్టేషన్‌కు తీసుకెళ్తే

"మాట్లాడి పంపిస్తం" అని తీసుకుపోయి రాత్రంతా కూర్చోబెట్టారు. అది అరెస్టా?

మీరు లేచి వెళ్లిపోలేని పరిస్థితి ఉంటే అది నిర్బంధమే, పేరేదైనా కానివ్వండి. అరెస్టైతే నాగరిక్ సురక్షా సంహిత 36వ సెక్షన్ ప్రకారం మెమో రాయాలి, ఇంట్లోవాళ్లో ఊళ్లో పెద్దమనిషో సాక్షి సంతకం పెట్టాలి, మీవాళ్లకు కబురు చెయ్యాలి. ఎందుకు పట్టుకున్నారో చెప్పాలి. ప్రయాణ సమయం పోను 24 గంటల్లోగా మేజిస్ట్రేట్ ముందు నిలబెట్టాలి. ఈ జాగ్రత్తలన్నిటికీ మూలం 1996లో డీకే బసు కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు. మెమో లేకుండా కూర్చోబెడితే బయట ఉన్నవాళ్లు చెయ్యాల్సింది ఒకటే: 100కో 112కో ఫోన్ చేసి "మా తమ్ముడు ఫలానా స్టేషన్‌లో ఉన్నాడు, ఎందుకో చెప్పడం లేదు" అనండి. ఆ కాల్ టైముతో సహా రికార్డవుతుంది. మీ ఫోన్ లాగ్ స్క్రీన్‌షాట్ కూడా దాచండి.

రాత్రి ఎనిమిదికి మా అమ్మను స్టేషన్‌కు రమ్మంటున్నారు.

సాక్షిగా విచారించాలంటే ఆడవాళ్లను, 15 ఏళ్లలోపు పిల్లలను, 60 దాటిన మగవాళ్లను, వికలాంగులను, జబ్బుపడ్డవాళ్లను ఇంటి దగ్గరే అడగాలి, స్టేషన్‌కు రప్పించకూడదు. అరెస్టే చెయ్యాలంటే, సూర్యాస్తమయం తర్వాత మహిళను చెయ్యడానికి ప్రత్యేక పరిస్థితి ఉండాలి, మహిళా అధికారి ఉండాలి, ముందుగా మేజిస్ట్రేట్ అనుమతి ఉండాలి. "పొద్దున వకీలుతో వస్తాం సార్" అని మర్యాదగా చెప్పండి.

చిన్న గొడవకు బేడీలు వేసి బజార్లో నడిపించారు.

నాగరిక్ సురక్షా సంహిత 43వ సెక్షన్ బేడీలకు అనుమతిచ్చింది, కానీ ఎవరికన్నది కూడా రాసింది: పదేపదే నేరాలు చేసేవాళ్లు, కస్టడీ నుంచి తప్పించుకున్నవాళ్లు, హత్య, అత్యాచారం, ఉగ్రవాదం, మాదకద్రవ్యాల లాంటి పెద్ద కేసుల్లో ఉన్నవాళ్లు. కల్లు దుకాణం దగ్గర మాటామాటా అనుకున్నవాళ్లు ఆ జాబితాలో లేరు. కొడంగల్ వైపు లగచర్ల ఘటనలో అరెస్టైన రైతును 2024 డిసెంబర్‌లో ఆస్పత్రికి బేడీలతో తీసుకెళ్తే ప్రభుత్వమే విచారణకు ఆదేశించింది, జైలర్ సస్పెండయ్యారు.

వదిలిపెట్టేముందు తెల్లకాగితం మీద సంతకం పెట్టమన్నారు.

ఖాళీ కాగితం మీద పెట్టొద్దు. భయంతో ఇప్పటికే పెట్టేసి ఉంటే, బయటికి రాగానే ఆ సంగతి తేదీ, టైముతో రాసి జిల్లా ఎస్పీకి పంపండి. ఆలస్యం చేస్తే ఆ కాగితం మీద "నాకు ఏ ఫిర్యాదూ లేదు" అన్న వాక్యం వచ్చి కూర్చుంటుంది. నేను చూశాను.

## దెబ్బలు, ఆస్పత్రి

ముందు ఫిర్యాదుకు పోవాలా, ఆస్పత్రికి పోవాలా?

ఆస్పత్రికి. ప్రభుత్వాస్పత్రికే. ఆర్‌ఎంపీ దగ్గర సూది వేయించుకుని పడుకుంటే నొప్పి తగ్గుతుంది, కాగితం పుట్టదు. నల్లగొండ, మహబూబ్‌నగర్ జనరల్ ఆస్పత్రులుగానీ, దగ్గర్లోని ఏరియా ఆస్పత్రిగానీ వెళ్లి "పోలీసులు లాఠీతో కొట్టారు" అని ఓపీ చీటీ రాసేటప్పుడే చెప్పండి. సిగ్గుపడి "బండి మీది నుంచి పడ్డ" అని చెప్పేవాళ్లే ఎక్కువ. చీటీ మీద ఆ మాట ఎక్కిందంటే ఇక కేసు లేనట్టే. ఎంఎల్‌సీ (మెడికో లీగల్ కేసు) చెయ్యమని అడగండి.

డ్యూటీ డాక్టర్ "పోలీస్ లెటర్ తెచ్చుకో" అంటున్నారు. కొట్టినవాళ్ల దగ్గరికే వెళ్లి లెటర్ అడగాలా?

అక్కర్లేదు. గాయపడ్డ మనిషికి పోలీసు కాగితాల కోసం ఆగకుండా వైద్యం చెయ్యాలని సుప్రీంకోర్టు 1989లోనే పరమానంద్ కటారా కేసులో చెప్పింది. పోలీసులకు తెలియజేయడం ఆస్పత్రి చూసుకుంటుంది. డ్యూటీ డాక్టర్ వినకపోతే గొంతు పెంచకండి, సూపరింటెండెంట్‌కు రెండు లైన్ల దరఖాస్తు ఇచ్చి ఇన్‌వర్డ్ నంబర్ తీసుకోండి. ఒకవేళ అరెస్టు చేసి ఉంటే, వైద్య పరీక్ష చేయించడం, ఆ రిపోర్టు కాపీ మీకో మీ మనిషికో ఇవ్వడం నాగరిక్ సురక్షా సంహిత 53వ సెక్షన్ ప్రకారం పోలీసుల బాధ్యత.

దెబ్బల ఫొటోలు ఎలా తీయాలి?

లాఠీ దెబ్బకు ఒక గుర్తుంది. చర్మం మీద రెండు ఎర్రటి గీతలు పక్కపక్కనే పడతాయి, మధ్యలో పాలిపోయినట్టు ఉంటుంది, రైలు పట్టాల లాగా. కిందపడితే అలా రాదు. డాక్టర్లకు ఇది బాగా తెలుసు. ఆ గీతలు తొందరగానే చెదిరిపోతాయి. తర్వాత నీలం, కొన్ని రోజులకు ఆకుపచ్చ, పసుపు. అందుకే మొదటి రోజు ఫొటో ముఖ్యం. పగటి వెలుతురులో, ఫ్లాష్ లేకుండా, ముఖం కనిపించేలా ఒకటి, దెబ్బ దగ్గరగా ఒకటి. దెబ్బ పక్కన రూపాయి బిళ్లో స్కేలో పెట్టండి. మూడో రోజు, ఏడో రోజు మళ్లీ తీయండి. పసుపు రాసేశాక తీసిన ఫొటో ఎవరికీ పనికిరాదు. మా అమ్మమ్మలు వినరు, అది వేరే సంగతి.

ఎముక విరగలేదు. అయినా కేసు అవుతుందా?

అవుతుంది, దారి మారుతుంది. ఎముక విరగడం, పన్ను ఊడటం, 15 రోజులు తీవ్రమైన నొప్పితో ఉండటం లేదా రోజువారీ పని చేసుకోలేకపోవడం తీవ్ర గాయం. అడ్డా కూలీ పదిహేను రోజులు పనికి పోలేకపోయాడంటే అదీ లెక్కలోకి వస్తుంది, డాక్టర్ చీటీ ఉండాలి. మామూలు దెబ్బైతే మేజిస్ట్రేట్ అనుమతి లేకుండా పోలీసులు దర్యాప్తు చెయ్యలేరు, ఆ మాటే చెప్పి తిప్పి పంపుతారు. కానీ అక్రమంగా నిర్బంధించినా, నేరం ఒప్పుకోమని కొట్టినా అవి విడి నేరాలు. నేరం ఒప్పించడానికి కొడితే న్యాయ సంహిత 120వ సెక్షన్ కింద 7 ఏళ్ల దాకా, తీవ్ర గాయమైతే 10 ఏళ్ల దాకా శిక్ష ఉంది.

## ఫిర్యాదు

కొట్టిన స్టేషన్‌లోనే వాళ్ల మీద ఫిర్యాదు ఎట్లా ఇవ్వాలి?

అక్కడే ఇవ్వాలని లేదు. జీరో ఎఫ్‌ఐఆర్ ఏ స్టేషన్‌లోనైనా కట్టొచ్చు. తీసుకోకపోతే నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం అదే ఫిర్యాదును ఎస్పీకి రాతపూర్వకంగా పంపండి, స్పీడ్ పోస్ట్ రసీదు దాచండి. ఎస్పీ కార్యాలయంలో గ్రీవెన్స్ ఉన్న రోజు చేతికిచ్చి ఇన్‌వర్డ్ ముద్ర వేయించుకుంటే ఇంకా మంచిది. అక్కడా కదలకపోతే వకీలు ద్వారా మేజిస్ట్రేట్ కోర్టు. అధికారి మీద ఆరోపణ కాబట్టి మేజిస్ట్రేట్ ముందు పైఅధికారి రిపోర్టు తెప్పించుకుంటారు, ఆ అధికారి చెప్పేదీ చూస్తారు. అంటే ఎస్పీకి పంపిన కాగితం మీకు రెండుసార్లు పనికొస్తుంది.

దరఖాస్తులో ఏం రాయాలి?

మంది నా దగ్గర ఇలా చెప్పి టైపు చెయ్యమంటారు: "నేను నిరుపేదను. ఏ పాపం ఎరుగని నన్ను గొడ్డును బాదినట్టు బాది నానా దుర్భాషలాడి చిత్రహింసలు పెట్టినారు. కావున దయగల సారు వారు..." నిజమే, అంతా నిజమే. కానీ ఇందులో విచారించడానికి ఏముంది? ఎప్పుడు, ఎక్కడ, ఎన్ని దెబ్బలు అన్నది లేదు.

నేను ప్రశ్నలు అడిగి ఇలా మారుస్తాను: "ఆదివారం రాత్రి 9.40కి బస్‌స్టాండ్ ఎదుటి టీ కొట్టు దగ్గర నిలబడి ఉన్నాను. పోలీసు జీపు ఆగింది. ఒక కానిస్టేబుల్ దిగి ఏమీ అడగకుండా లాఠీతో ఎడమ తొడ మీద రెండు, ఎడమ మోచేతి మీద ఒక దెబ్బ కొట్టారు. కింద పడ్డాక వీపు మీద ఇంకొకటి. టీ కొట్టు యజమాని, ఇద్దరు ఆటో డ్రైవర్లు చూశారు. 10.30కి ప్రభుత్వాస్పత్రికి వెళ్లాను. ఓపీ చీటీ జతచేశాను."

తిట్టిన తిట్లు ఉన్నవి ఉన్నట్టు రాయండి. "అసభ్యంగా మాట్లాడారు" అంటే ఏమీ అన్నట్టు కాదు. నేను టైపు చేసేటప్పుడు చాలామంది ఆ మాట నోటితో చెప్పలేక నా పెన్ను తీసుకుని రాసిస్తారు. మీరు తాగి ఉంటే తాగానని రాయండి, దాచితే ఆస్పత్రి చీటీలో బయటపడుతుంది. ఒకటిన్నర పేజీ దాటొద్దు.

స్టేషన్‌లో కొట్టారు. సాక్షులే లేరు.

కెమెరాలు ఉండాలి. 2020 డిసెంబర్‌లో పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో సుప్రీంకోర్టు ప్రతి స్టేషన్‌లో గేటు, లాకప్, వరండా, ఎస్‌ఐ గదితో సహా సీసీ కెమెరాలు పెట్టాలంది. రికార్డింగ్ 18 నెలలు ఉంచాలి, ఆ సౌకర్యం లేనిచోట కనీసం ఏడాది. కెమెరా చెడిపోయిందని చెప్పడం మామూలే. అయినా మొదటి వారంలోనే "ఫలానా తేదీ ఇన్నింటి నుంచి ఇన్నింటి దాకా ఫుటేజీ భద్రపరచండి" అని ఎస్పీకి రాసి, సమాచార హక్కు కింద అదే అడగండి. రోడ్డు మీద జరిగితే ఎదురు షాపు కెమెరా చూడండి. అందులో పాతది కొన్ని రోజులకే చెరిగిపోతుంది. షాపాయన "కాపీ ఇయ్యను, నాకెందుకొచ్చిన లొల్లి" అంటే బతిమాలి స్క్రీన్‌నైనా ఫోన్‌తో తీసుకోండి.

మానవ హక్కుల కమిషన్‌కు పోతే ఉపయోగం ఉంటుందా?

ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు, పోస్టులో పంపొచ్చు. జాతీయ కమిషన్ హెల్ప్‌లైన్ 14433, రాష్ట్ర కమిషన్ హైదరాబాద్‌లో ఉంది. సంఘటన జరిగిన ఏడాదిలోగా పంపాలి. ఒకే విషయం రెండు కమిషన్లకూ పంపొద్దు. కమిషన్ శిక్ష వెయ్యలేదు, సిఫారసు మాత్రమే చేస్తుంది. కానీ కమిషన్ నోటీసు వస్తే కిందివాళ్లు జవాబు రాయాలి. జవాబు రాయడమంటే వాళ్లకు టెన్షన్.

కులం పేరుతో తిట్టి కొట్టారు.

ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 1989 వర్తిస్తుంది. ఎఫ్‌ఐఆర్‌కు ముందు ప్రాథమిక విచారణ అవసరం లేదు. దర్యాప్తు డీఎస్పీ స్థాయి అధికారి చెయ్యాలి. కేసు కట్టాల్సిన ప్రభుత్వోద్యోగి కావాలని కట్టకపోతే 4వ సెక్షన్ కింద అదీ నేరమే. కుల ధ్రువీకరణ పత్రం జతచేయండి.

వకీలుకు ఇచ్చే డబ్బు లేదు.

జిల్లా కోర్టు ఆవరణలోనే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంటుంది. మహిళలు, పిల్లలు, ఎస్సీ, ఎస్టీలు, వికలాంగులు, కస్టడీలో ఉన్నవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు. ఫోన్ 15100.

## ఆ తర్వాత

ఊరి పెద్దమనుషులను పంపి రాజీకి రమ్మంటున్నారు.

వస్తారు, తప్పకుండా వస్తారు. "సారుకు చిన్నపిల్లలున్నరు, నౌకరి పోతది" అంటారు. రాజీ పడాలా వద్దా అన్నది మీ ఇష్టం, రోజూ అదే రోడ్డు మీద తిరగాల్సింది మీరు. పడితే మాత్రం ఏం రాశారో చదవండి, చదవడం రాకపోతే మీ మనిషితో చదివించుకోండి, కాపీ తీసుకోండి. "పొరపాటున పడి దెబ్బలు తగిలినవి" అన్న వాక్యం ఉంటే కొట్టేయించండి.

ఫిర్యాదు ఇవ్వగానే నా మీదే కేసు పెట్టారు.

తేదీలు చూడండి. మీ ఆస్పత్రి చీటీ, ఎస్పీకి పంపిన పోస్టు రసీదు వాళ్ల ఎఫ్‌ఐఆర్ కంటే ముందున్నాయా? ఉంటే ముందస్తు బెయిలు అడిగేటప్పుడు వకీలు మొదట చూపించేది అవే. ఎఫ్‌ఐఆర్ కాపీ రాష్ట్ర పోలీసు వెబ్‌సైట్‌లో దొరుకుతుంది.

నిజంగా ఎవరికైనా ఏమైనా అయిందా?

మామూలుగా జరిగేది సస్పెన్షన్, లేకపోతే హెడ్‌క్వార్టర్స్‌కు అటాచ్, కొన్నాళ్లకు ఇంకో స్టేషన్‌లో పోస్టింగ్. అంతకుమించి జరిగినవీ ఉన్నాయి. 2021 జూన్‌లో అడ్డగూడూరు స్టేషన్‌లో దొంగతనం అనుమానంతో తెచ్చిన దళిత మహిళ చనిపోతే, హైకోర్టు రీపోస్టుమార్టం చేయించింది, ఎస్‌ఐని, ఇద్దరు కానిస్టేబుళ్లను అప్పటి కమిషనర్ డిస్మిస్ చేశారు. ఒక ప్రాణం పోతేగానీ అది జరగలేదన్నది నాకు మింగుడుపడని విషయం. గుజరాత్ ఖేడా జిల్లాలో 2022లో మనుషులను స్తంభానికి ఆనించి బహిరంగంగా కొట్టిన నలుగురు పోలీసులకు, డీకే బసు తీర్పు ధిక్కరించినందుకు, అక్కడి హైకోర్టు 2023లో 14 రోజుల జైలు వేసింది. వాళ్లు సుప్రీంకోర్టుకు వెళ్లారు, శిక్ష అమలు ఆగింది.

నష్టపరిహారం వస్తుందా?

హైకోర్టులో రిట్ వేసి అడగొచ్చు. ప్రభుత్వ మనుషుల వల్ల ప్రాథమిక హక్కు పోతే ప్రభుత్వమే డబ్బు కట్టాలని 1993లో నీలబతి బెహరా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. త్వరగా వచ్చే డబ్బు మాత్రం కాదు.

ఇదంతా చేస్తే మా మీద పగబట్టరా?

ఈ ప్రశ్నకు నాకు చట్టం తెలియదు, అనుభవం తెలుసు. మా బావమరిదిని లాక్‌డౌన్‌లో మందులకు పోతే కొట్టారు. చేతిలో మందుల చీటీ ఉంది. అతను ఫిర్యాదు ఇవ్వలేదు. టైపు చేసి పెట్టింది నేనే, సంతకం పెట్టలేదు. ఆ ఫైలు ఇంకా నా కంప్యూటర్‌లో ఉంది. ఇప్పటికీ జీపు చప్పుడైతే బండి సందులోకి తిప్పుతాడు. ఫిర్యాదు ఇచ్చినవాళ్లలో కొందరిని ఆ తర్వాత బజార్లో అదే కానిస్టేబుల్ "ఏం అన్నా, మంచిగున్నవా" అని పలకరించడం కూడా చూశాను. ఒక్కరే వెళ్లకండి, కాగితం మీద ఇద్దరు ముగ్గురు సాక్షి సంతకాలు ఉండనివ్వండి.

మీ షాపులో టైపుకు ఎంత తీసుకుంటారు?

దెబ్బలు తిన్నవాళ్ల దగ్గర టైపుకు తీసుకోను. జిరాక్స్‌కు మాత్రం తీసుకుంటాను, నాలుగు సెట్లు చేయించుకోండి.